మొదటి సంతకం

ఆ గురువారం ఉదయం స్వాగత కార్యక్రమానికి తెవిలా పది నిమిషాలు కేటాయించింది. తొమ్మిదికి స్వాగతం, ఆ వెంటనే సంతకాలు. పసిఫిక్ ద్వీపాలకూ కరీబియన్ ద్వీపాలకూ మధ్య శిఖరాగ్ర సమావేశం సమోవాలో జరగడం అదే మొదటిసారి. అతిథి మర్యాదల అధికారిణిగా తెవిలాకు అదే మొదటి పెద్ద పని.

పత్రంలో ఉన్నది ఒకే మాట: ద్వీపం మునిగినా దాని చుట్టూ ఉన్న సముద్రం ఆ ప్రజలదే. దానికోసం సమోవా ప్రధాని సావేలియో ఆరేళ్లు తిరిగారు. పద్నాలుగు దేశాల నాయకులను వాళ్ల ఇళ్లకే వెళ్లి కలిశారు. అన్నీ కుదిరాక, మొదటి సంతకం ఎవరిదన్న దగ్గర మూడు రోజులుగా బండి ఆగిపోయింది. మాదంటే మాదని రెండు పక్షాల అధికారులూ పట్టుబట్టారు. పసిఫిక్ దేశాల తరఫున సావేలియో, కరీబియన్ దేశాల తరఫున వాళ్ల బృందం నాయకురాలు యూడోరా పిల్‌గ్రిమ్ అనే ప్రధాని సంతకం చెయ్యాలి. ఆమె విమానం నాలుగు గంటలకు. అది ఎగిరిపోతే మళ్లీ రెండేళ్ల దాకా ఈ ఇద్దరూ ఒకచోట కూడే అవకాశం లేదు.

తెవిలా చేసిన పొరపాటల్లా, స్వాగతం పలికే వక్తగా తన బాబాయి అపినేరు పేరును కార్యక్రమ పత్రంలో అచ్చువేయించడం. సమోవాలో వక్తను ఎవరూ ముందుగా నియమించరు. వక్తలందరూ లేచి, మాట్లాడే హక్కు నాదంటే నాదని అందరి ముందూ వాదించుకుని, చివరికి ఒకరికి వదిలిపెడతారు. వాదన ఎంత సాగితే అతిథికి అంత గౌరవం. ఇది తెవిలాకు తెలియనిది కాదు. పది నిమిషాల్లో పట్టదని పక్కన పెట్టింది.

తొమ్మిదికి పచ్చికలో ఏడుగురు వక్తలు లేచి నిలబడ్డారు. చేతుల్లో నిలువెత్తు కర్రలు, భుజాల మీద కొబ్బరిపీచు కుచ్చులు.

"అపినేరూ, నీ పేరు అచ్చులో చూశాం. సంతోషం. మా నోళ్లేమన్నా కుట్టేశారా?" అన్నాడు అందరికంటే పెద్దవాడైన కిరిఫి.

"అన్నా, అచ్చేసింది మా అమ్మాయి. నేనడగలేదు."

"అడక్కుండా వచ్చింది అడక్కుండానే ఇచ్చెయ్. కూర్చో."

"కూర్చుందును గానీ మా తాత ఊరుకోడు. తుఫాన్లో మీ తాత పడవను ఒడ్డుకు లాగింది ఆయనే."

"లాగాడు. తెడ్డు మాత్రం తిరిగివ్వలేదు."

పదయింది. దుబాసీ మాటకు మాట అప్పజెబుతున్నాడు. కూర్చో, తాత, పడవ, తెడ్డు. యూడోరా కార్యదర్శికి అర్థమైంది ఒకటే: తమను పిలవడం ఊరిలో కొందరికి ఇష్టం లేదు. పరిస్థితి బాగోలేదని అతను కార్లను ముందుకు పిలిపించాడు. కార్లను చూసిన రేడియో విలేకరి, అతిథులు అలిగి వెళ్లిపోతున్నారని ప్రకటించాడు. రేడియో విన్న వంటవాళ్లు, గుంటపొయ్యిలో సగం ఉడికిన నాలుగు పందులను మోసుకొచ్చి కార్లకు అడ్డంగా దించారు.

"తినకుండా పోతే ఊరి పరువేంగానూ? పోతే పోండి, ముందు మా పందుల మీంచి పోనివ్వండి!" అంది వాళ్ల పెద్ద.

తెవిలా ప్రధాని దగ్గరికి పరుగెత్తింది. "సార్, బాబాయిని కూర్చోమనండి. మీ మాటైతే వింటాడు."

"వింటాడు. తర్వాత పదేళ్లు నాతో మాట్లాడడు. టైమెంత?"

"పదీ నలభై!"

"విమానం నాలుక్కి గదా" అంటూ సావేలియో చెప్పులు విడిచి, పచ్చిక మీదుగా నడిచి, యూడోరా పక్కన చాప మీద కూర్చున్నారు.

"యూడోరా గారూ, వాళ్లు మిమ్మల్ని పొమ్మనడం లేదు. రమ్మనే భాగ్యం ఎవరిదని కొట్టుకుంటున్నారు. కాసేపాగితే ఒక్కొక్కరే వదిలేస్తారు."

"వదిలేసినవాడు ఓడినట్టేగా?"

"మాట్లాడినవాణ్ణి ఊరు వారంలో మర్చిపోతుంది. వదిలినవాణ్ణి మూడు తరాలు చెప్పుకుంటుంది."

యూడోరా చేత్తో కార్లను వెనక్కి పొమ్మంది. వక్తలు ఒక్కొక్కరే కూర్చున్నారు, పదకొండున్నరకు చివరగా కిరిఫి కర్ర దించాడు. "తెడ్డు నువ్వే ఉంచుకో, మాట కూడా నువ్వే చెప్పు" అన్నాడు. కన్నీళ్లు తుడుచుకుని అపినేరు గంటసేపు మాట్లాడాడు.

తర్వాత పత్రం తెచ్చారు. యూడోరా లేచింది.

"మొదటి సంతకం మీరే చెయ్యాలి. ఇల్లు మీది."

"అతిథి ఉండగా ఇంటివాడు ముందు చెయ్యి పెడతాడా? మీరే" అన్నారు సావేలియో.

"మా అమ్మమ్మకు తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు. మీరే."

"తెల్లారడం మీకంటే మాకే ముందు. అయినా సరే, సంతకం ముందు మీరే."

"ఈవిడ గట్టిదే! ఎవరైనా ఓ కర్ర ఇవ్వండ్రా!" అని వెనకనుంచి కిరిఫి అరిచాడు.

రెండయింది. మూడయింది. మూడు రోజులుగా మొదటి సంతకం కోసం పట్టుబట్టిన అధికారులే ఇప్పుడు తమ నాయకులకు దండాలు పెడుతున్నారు, ఎవరో ఒకరు ముందు చెయ్యండని. ఇద్దరిలో ఒక్కరూ వినలేదు. విమానాన్ని అరగంట ఆపమని తెవిలా ఫోన్ చేసింది. మూడూ నలభైకి ఇద్దరూ నవ్వుతూ కలాలు తీసుకుని, ఒకేసారి వంగి సంతకాలు పెట్టారు.

పత్రం చెల్లుతుందని రెండు పక్షాల న్యాయ సలహాదారులూ రాసి ఇచ్చారు. మొదటి గీత ఖాళీగా ఉంది, సంతకాలు రెండూ రెండో గీత మీదే ఉన్నాయి.