రాస్తారోకోకు ముఖ్య అతిథి

పొట్టంగి రోడ్డు మీద తలపెట్టిన రాస్తారోకో సకల మర్యాదలతో విజయవంతంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

కొండ తవ్వే యంత్రాన్ని గనుల కంపెనీ ఆ రోజే పైకి ఎక్కించాలి. ఎక్కితే ఊట ఎండుతుంది. ఊట ఎండితే కొండ కింద ముసలి దేముడమ్మ క్యాబేజీ మడులు బీడే. అందుకని రోడ్డుకు అడ్డంగా పాడుతూ ధింసా ఆడాలని ఊరు తీర్మానించింది. ధింసాలో ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుంటారు. వచ్చి చెయ్యి కలిపినవాణ్ణి కాదనకూడదు. మొదటివాడు నెమలీకల కట్ట ఊపుతూ ఎటు పోతే వరుసంతా అటే.

పాట కట్టింది యూనిస్ టీచరు. చర్చి గాయక బృందానికి పాటలు నేర్పేది ఆవిడే. ఆవిడ చెయ్యి పడితే కీర్తనైనా ఉద్యమమైనా శ్రుతి తప్పదు. పాట సిద్ధం, డప్పులు సిద్ధం. బ్యానరు మీద మాత్రం కింద కాస్త చోటు మిగిలిపోయింది. ఆ ఖాళీ చూసి టీచరుకు అన్నం సయించలేదు. ముఖ్య అతిథి లేకుండా ఆవిడ బతుకులో క్రిస్మస్ కూడా జరగలేదు మరి! దగ్గర్లోని సెమిలిగుడ పట్నంలో పిలవగానే వచ్చే పెద్దమనిషి ఒక్కడే: కంపెనీ పెద్ద ఆఫీసరు మనోరంజన్ బాబు. కబురంపింది.

"ఏటమ్మీ, దొంగోణ్ణే పేరంటానికి పిలిసినావా?" అంది దేముడమ్మ.

"రానీయే పిన్నీ. మన పాట వింటే కరిగిపోతాడు."

కరిగిపోయాడు. మెడలో దండ పడగానే మైకందుకుని, "ఈ పాట నా గుండెను తాకింది. ఈ నిరసన మనందరిదీ! ఏటేటా దీన్ని మా కంపెనీయే ఘనంగా జరిపిస్తుంది!" అన్నాడు. చప్పట్లు. టీచరూ కొట్టింది. ఆయన బూట్లు విప్పి వరుసలో చెయ్యి కలిపాడు. అతిథిని నడిమధ్య ఇరికిస్తే మర్యాదేముంది? టీచరే నెమలీకల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది.

బాగానే ఆడాడు. డప్పుకు తగ్గట్టు అడుగేస్తూ, వరుసను మెల్లగా రోడ్డు దింపి, పక్కనున్న సంత మైదానంలోకి తీసుకుపోయి చుట్లు తిప్పాడు. చేతులు వదిలితే ఆట చెడుతుంది. కాబట్టి ఎవరూ వదల్లేదు. దేముడమ్మ ఒక్కతే విదిలించుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

"ఓలమ్మో, బండెలిపోతంది! సేతులొగ్గీండర్రా!"

"తాళం తప్పుతోంది పిన్నీ, లైన్లోకి రా!" అని కేకేసింది టీచరు.

యంత్రం నిరాటంకంగా కొండెక్కింది. డ్రైవరు పాటకు తగ్గట్టు హారన్ కూడా కొట్టాడు. ఆఫీసరు కప్పిన శాలువా భుజాల మీద పడ్డాక గానీ టీచరు రోడ్డు వైపు చూడలేదు. చూసింది. అప్పటికి ఆవిడ చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది, వందన సమర్పణ. చేసింది.

ఇప్పుడు ఊట సన్నబడింది గానీ పాటకు మంచి పేరొచ్చింది.

ఆ రోజు ఆట ఫోన్లలో తిరిగిన వీడియో మీరూ చూసే ఉంటారు. వెనకాల పసుప్పచ్చగా కొండెక్కుతున్నది పొద్దు కాదు. దాని ముందు చేతులు చాపి నిలబడ్డ ముసలమ్మ ఆడుతున్నది ధింసా కాదు. మీరు పెట్టిన ఎర్ర గుండె గుర్తు మాత్రం భలే ఉంది.