నలభై కాళ్ల నంది

ఆ బుధవారం కైలాసం వేసుకున్న లెక్క చాలా చిన్నది. తలకు పోసుకోవాలి, కంప్యూటర్‌లో మిగిలిన ఒక్క చిప్పు బిగించాలి, పదకొండింటికల్లా దాన్ని ఆటోలో పాలిటెక్నిక్‌కు చేర్చాలి. పన్నెండేళ్లుగా కరీంనగర్‌లో రేడియోలు బాగుచేస్తున్న మనిషి, పుస్తకాలు చూసి సొంతంగా కట్టిన కంప్యూటర్ అది. టీవీకి తగిలించి మీట నొక్కితే తెర మీద అక్షరం రావాలి. వస్తే ల్యాబులో మెకానిక్ నౌకరి ఇస్తానని ప్రిన్సిపాల్ శ్యాంసుందర్‌రావు మాటిచ్చాడు. 1987లో రేడియో మెకానిక్‌కు అలాంటి పిలుపు రెండోసారి రాదు.

ఆ మిగిలిన చిప్పు హైదరాబాద్ నుంచి రావడానికి ఇరవై రోజులు పట్టింది. నల్లగా, వేలెడు పొడవు, అటు ఇరవై ఇటు ఇరవై కాళ్లు. వెండికాగితం మీద పడుకోబెట్టిన దాన్ని చూసి, ఇదేం పని చేస్తుందని తల్లి దేవవ్వ అడిగింది.

"లెక్కలు జేసే పెద్ద చిప్పు లోపల ఉన్నదవ్వా. దానికి చెవుల్లేవు, నోరు లేదు. మనం మీట నొక్కితే గా మాట లోపలికి జేరేసేది గిదే, జవాబు బయటికి తెచ్చేది గిదే."

"అంటే రాజన్న గుడిల శివుని ముంగట నంది అన్నట్టు."

"నందే అనుకో. ముట్టకు," అని కైలాసం తువ్వాల భుజాన వేసుకొని స్నానానికి పోయాడు.

ముట్టకూడదని దేవవ్వకు ముందే తెలుసు. అలాంటి వాటిని ముట్టే ముందు కొడుకు టెర్లిన్ చొక్కా విప్పడం, చేతికి కడియం తొడిగి దాని తీగను నల్లా గొట్టానికి కట్టుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. ఇంత మడి ఉన్నదాన్ని చాయ్ మరకల బల్ల మీద ఉంచడం ఆమె మనసుకు పట్టలేదు. పూజనాటి పట్టుబట్టను నీళ్లలో ముంచి పిండి, ఆ తడిబట్టతో చిప్పును తీసి దేవుని గూట్లో పెట్టి, దాని నడుమ కుంకుమ బొట్టు దిద్దింది.

పెరుగు తోడుకు వచ్చిన పక్కింటి కొమురవ్వ అది చూసింది. చిప్పు ఒక చివర అర్ధచంద్రంలా చిన్న గంటు ఉంది. చెవి అదేనని ఇద్దరూ తేల్చుకున్నారు. కొమురవ్వ తన మోకాళ్ల నొప్పి సంగతి ఆ చెవిలో చెప్పుకుంది, చెవి సంగతి వాడకట్టంతా చెప్పింది. కైలాసం తల తుడుచుకుంటూ వచ్చేసరికి గూటి ముందు తొమ్మిదిమంది ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. ఒకామె కొబ్బరికాయ కూడా తెచ్చుకుంది.

"అవ్వా, దేంతోని పట్టుకున్నవ్?"

"ఉత్త చేతులతోని ముడుతనా? పట్టుబట్టతోని, బిడ్డా."

కైలాసం తల తుడుచుకోవడం ఆపేశాడు. పట్టు రాసుకుంటే కంటికి కనబడని కరెంటు పుడుతుంది. ఆ చిప్పు చావడానికి అది చాలు. చొక్కా విప్పేది, కడియం తొడిగేది అందుకే. తల్లి ముఖంలోని తృప్తి చూస్తే ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు. కుంకుమ తుడిచి, బట్ట నుంచి అంటిన తడి ఆరబెట్టి, చిప్పును బిగించుకొని, చావుకబురు మోసేవాడిలా ఆటో ఎక్కాడు.

పాలిటెక్నిక్‌లో మీట నొక్కాడు. తెర మీద అక్షరం వచ్చింది. ఇంకోటి నొక్కితే ఇంకోటి వచ్చింది. చుట్టూ మూగిన లెక్చరర్లందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది కైలాసమే. టెర్లిన్ సఫారీ వేసుకున్న శ్యాంసుందర్‌రావు మెత్తటి కుర్చీకి రాసుకుంటూ లేచి, ఇరవై రోజులు తిప్పలు పెట్టింది ఇదేనా అంటూ చిప్పు మీద వేలు పెట్టాడు. చిట్ మంది. తెర నిండా పిచ్చి గీతలు పడ్డాయి.

"నేను ముట్టంగనే పాయె," అన్నాడు ప్రిన్సిపాల్ మెల్లగా.

కైలాసం ఊరుకోవచ్చు. కానీ పొద్దున ఆ చిప్పు ఎందుకు చావలేదో అప్పుడే అర్థమైంది, అవ్వ పట్టుకున్న బట్ట తడిది. పొడిబట్ట ఆ కరెంటును పోగుచేస్తుంది, తడిబట్ట వదిలేస్తుంది. గూటి సంగతి, కుంకుమ సంగతి దాచకుండా చెప్పేశాడు. "మా అవ్వ తడిబట్టతోని ముట్టింది సార్. గందుకే ఇందాకటి దాక బతికింది."

లెక్చరర్లు గోడలు చూశారు. ప్రిన్సిపాల్ తన సఫారీ చూసుకున్నాడు.

"గింతమందిమి సదువుకున్నోళ్లం ఉన్నం. దాన్నెట్ల ముట్టాల్నో మీ అవ్వకే ఎరుక. సోమవారం నుంచి రా కైలాసం. ముందుగాల నన్నే ముట్టనియ్యకు."

సాయంత్రం కొమురవ్వ వచ్చి, నౌకరి వచ్చినందుకు సంతోషపడి, తన మోకాళ్లు మాత్రం పొద్దున ఎట్లున్నవో అట్లనే ఉన్నాయంది. దేవవ్వ కొడుకును అడిగి, నిదానంగా జవాబిచ్చింది.

"నీ మాటైతే లోపలికి పోయిందట కొమురవ్వా. జవాబు తెచ్చే కాళ్లే కాలిపోయినయట."