జిపార్ అక్క కారు గొంతు మాయం

"ఈ నగరంలో నేరస్థులు హాయిగా నిద్రపోయే రోజులు అయిపోయాయి," అని ప్రకటించాడు ఎసెన్‌గుల్, మాంసం కూరిన సంసా నముల్తూ. "ఎందుకో తెలుసా? నేను లేచాను."

"మధ్యాహ్నం పన్నెండయింది," అన్నాను.

"పెద్ద మెదడు రా కెరిమ్. వేడెక్కడానికి టైం పడుతుంది."

ఎసెన్‌గుల్ నా చిన్ననాటి స్నేహితుడు. నా ఖర్మ. బిష్కెక్ ట్రాలీబస్సుల్లో ఇరవై ఏళ్ళు టిక్కెట్లు తనిఖీ చేశాడు. ట్రాలీబస్సులు పోయాయి, ఉద్యోగం పోయింది, అనుమానం మాత్రం మిగిలింది. దానికి డిటెక్టివ్ అని పేరు పెట్టుకున్నాడు. మా ఇనప గ్యారేజీల వరసలో నేను టైర్లకు పంక్చర్లు వేస్తాను. వాడు రోజూ వచ్చి నా స్టూలు మీద కూర్చుని లోకాన్ని కాపాడతాడు.

"పొద్దున్నే మా ఇంట్లో ఘోరం జరిగింది," అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడ బురుల్ అల్లిక సూది మాయం. మంచి ఉక్కుది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అంటే అర్థమైందా?"

"ఏంటి?"

"బయటి ముఠా!"

అప్పుడే పక్క గ్యారేజీ ముందు కేకలు మొదలయ్యాయి. జిపార్ అక్క. పెళ్ళి విందుల్లో మైకు పట్టుకుని వందమంది చేత చప్పట్లు కొట్టించే మనిషి. మైకు లేకపోయినా ఆమె మాట కొండదాకా వినిపిస్తుంది.

"ఒరేయ్ తాలాయ్! పాట పాడే కారు ఇచ్చాను. మూగదాన్ని చేసి పెట్టావేంట్రా?"

తాలాయ్ కార్లలో స్టీరియోలు బిగిస్తాడు. ఊరి బయట కొత్త బస్తీ నుంచి వచ్చాడు. వాడికి ఆ గ్యారేజీ పగలు కొట్టు, రాత్రి ఇల్లు. మంచి కుర్రాడే కానీ నోటికి బ్రేకు లేదు. తెలియదు అనే మాట వాడికి తెలియదు.

అక్క కారు జపాన్ నుంచి దిగిన పాత బండి. ఇక్కడి కార్లలా కాకుండా స్టీరింగు కుడి పక్క. దాని స్టీరియో జపాన్ భాషే మాట్లాడేది, మ్యాపులో అక్క ఎప్పుడు చూసినా సముద్రంలో ఈదుతుండేది. విసుగెత్తి, మన భాష తెలిసిన కొత్త స్టీరియో కొని తాలాయ్‌కి ఇచ్చింది. వాడు బిగించాడు. తెర వెలిగింది. బొమ్మలు ఎగిరాయి. చప్పుడు మాత్రం ఈగంత కూడా లేదు.

"ఫ్యాక్టరీ వాడే పెట్టిన ఖరీదైన సౌండు రా! పది స్పీకర్లు!" అంది అక్క. "నిన్నటిదాకా డప్పు కొడితే గుండెల్లో మోగేది."

"నేనేం చేయను అక్కా? వైర్లన్నీ కలిపాను. ఒక్క నీలం వైరు మిగిలింది. జపాన్ వాడు ఒకటి ఎక్కువ పెట్టాడు, అంతే."

"ఎక్కువెందుకు పెడతాడురా?"

"ధనవంతుడు, పెట్టుకుంటాడు!"

ఎసెన్‌గుల్ కల్పాక్ టోపీ సర్దుకుని లేచాడు.

"ఎవరూ కదలొద్దు. ఇక్కడ ఒక గొంతు హత్య జరిగింది."

"నువ్వెవరు బాబూ మధ్యలో?" అంది అక్క.

"చీకటికి నేనంటే భయం, తల్లీ."

"అయితే లైటు పట్టుకో," అన్నాడు తాలాయ్. "ఆ ఫోన్ ఇలా ఇవ్వన్నా, బ్లూటూత్‌లో పాట పెట్టి చూద్దాం. నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది."

కలిపాడు. ఎసెన్‌గుల్ ఫోన్‌లోని పాట పేరు తెర మీద పరుగెత్తింది. చప్పుడు లేదు. తాలాయ్ సౌండు చివరిదాకా పెంచాడు. అక్క వచ్చి ఇంకా పెంచబోయింది. ఎసెన్‌గుల్ కూడా ఒక తిప్పు తిప్పాడు. మౌనం.

వాడు ఫోన్ జేబులో వేసుకుని నేల మీద పడుకుని సీటు కిందకి చూశాడు. ఒక్క గెంతున లేచాడు.

"నల్ల డబ్బా! వైర్లతో! బాంబు!"

మేము నలుగురం నా టైర్ల గుట్ట వెనక తేలాం. డిటెక్టివ్ అందరికన్నా ముందే అక్కడున్నాడు.

"అది హీటరు డబ్బా అన్నా," అన్నాడు తాలాయ్, వాడూ టైర్ల వెనక నుంచే.

ఈ గోలకి సంఘం అధ్యక్షుడు ఒమురాలీ ఊడిపడ్డాడు. నున్నటి గడ్డం, చేతిలో తాళాల గుత్తి. మా గ్యారేజీల సంఘానికి ఎన్నాళ్ళ నుంచి అధ్యక్షుడో ఆయనకే గుర్తులేదు. కార్మికుల హక్కుల గురించి బాగా మాట్లాడతాడు, ఎవరికీ ఏ హక్కూ ఇవ్వకుండా.

"స్పీకర్లు ఉంటే మోగాలి కదా," అన్నాడు మెత్తగా. "మోగడం లేదంటే లేనట్టే. ఎవరు తీసుంటారో? కారు ఎవరి చేతిలో ఉంది?"

తాలాయ్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "తలుపుల అట్టలు విప్పి చూపిస్తాను. పదీ ఉన్నాయి!"

"ముట్టుకోవద్దు. సాక్ష్యం చెడిపోతుంది. ఏమంటావు ఎసెన్‌గుల్?"

డిటెక్టివ్ అని పిలవకపోయినా, ఇంత పెద్దమనిషి తనని అడిగాడు. మావాడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"సాక్ష్యాన్ని చూడటం కన్నా పెద్ద నేరం లేదు," అన్నాడు.

"ఐదింటికి సభ్యుల్ని పిలుస్తాను," అన్నాడు ఒమురాలీ. "దొంగలకి మన దగ్గర చోటు లేదు. ఈ గ్యారేజీ కీ నాకిచ్చేయాలి, తాలాయ్. అసలు నీకు ఊళ్ళో చిరునామా కూడా లేదు."

"నా చిరునామా ఇదే కదయ్యా!" అన్నాడు తాలాయ్.

ఒమురాలీ వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎసెన్‌గుల్ ఫోన్ జేబులో వణికింది. వాయిస్ మెసేజ్. మా ఊళ్ళో ఎవరూ రాయరు, వేలు నొప్పి అని అందరూ ఫోన్లోకే మాట్లాడతారు. వాడు నొక్కి చెవికి ఆనించాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు.

"కెరిమ్! నా ఫోన్ గొంతు కూడా నులిమేశారు. ముఠా మనకన్నా ఒక అడుగు ముందుంది."

"ఎవరు పంపారు?"

"ఒమురాలీ."

"వెళ్ళి అడుగు, ఏం చెప్పావని."

"డిటెక్టివ్ అడగడు. ఊహిస్తాడు."

ఐదింటికి సభ్యులు చేరారు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తూ, ఉమ్ముతూ, తమాషా చూడ్డానికి. వీళ్ళ కార్లన్నిటికీ స్టీరియోలు బిగించింది తాలాయే. చలిలో బ్యాటరీ చచ్చిపోతే అర్ధరాత్రి లేపింది వాణ్ణే. అయినా "బస్తీ నుంచి వచ్చినవాడు కదా" అని ఒకడు మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఎదుటివాడి కప్పు కూల్చేటప్పుడు మావాళ్ళకి చేతులు భలే తేలిక. గ్యారేజీ తీసేసుకుందామా అని ఒమురాలీ అడగ్గానే లేచాయి. నేను ఎత్తలేదు. జిపార్ అక్క కూడా ఎత్తలేదు.

"నాకు నా పాట కావాలి గానీ వాడి గ్యారేజీ ఎందుకయ్యా?" అంది.

తాలాయ్ ఎవరినీ బతిమాలలేదు. లోపలికెళ్ళి పరుపు చుట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

ఒమురాలీ జేబులోంచి కొత్త తాళం తీశాడు. "నా మెసేజ్ విన్నావుగా, ఎసెన్‌గుల్?"

"ప్రతి అక్షరం!" అన్నాడు మావాడు. వినలేదని ఒప్పుకుంటే పరువు ఏమైపోతుంది? "కానీ నా తీర్పుకి ముందు చివరి పరీక్ష. ఇది నా పద్ధతి."

"అవసరం లేదు—"

అప్పటికే వాడు కారులో డాష్‌బోర్డు కిందకి దూరాడు, కాళ్ళు బయట. మేజోడులోంచి తన దర్యాప్తు కడ్డీ తీశాడు. పొడుగ్గా, తళతళలాడుతూ, ఒక చివర గుండు. నేను గుర్తుపట్టాను.

"చీకటిగా ఉంది, ఫోన్ లైటు వేస్తున్నాను!" అని లోపల్నించి అరిచాడు. వేలు మాత్రం లైటు మీద పడలేదు. అదే క్షణంలో కడ్డీతో వైర్ల గుంపులో పొడిచాడు. ఉక్కు ఒక పక్క ఎర్ర వైరుకి, ఇంకో పక్క ఆ మిగిలిపోయిన నీలం వైరుకి తగిలింది.

సీటు కింద నల్ల డబ్బా టక్కుమంది.

పది స్పీకర్లూ ఒక్కసారి గర్జించాయి. పాట కాదు. ఒమురాలీ గొంతు.

"ఎసెన్‌గుల్, నీ బుర్రకి పెద్దగా పని పెట్టకు. దొంగ తాలాయ్ అని ఐదింటికి గట్టిగా చెప్పు, చాలు. స్పీకర్లు ఉన్నా లేకపోయినా మనకెందుకు? ఆ గ్యారేజీ మా అల్లుడికి మాటిచ్చాను—"

గింజలు నమలడం ఆగిపోయింది. ఎసెన్‌గుల్ అదిరిపడి చెయ్యి లాగేశాడు. చప్పుడు పోయింది.

"చెయ్యి పెట్టవయ్యా!" అని అరిచారు జనం.

"కరెంటు కొడుతుందేమో!"

"పెట్టు! కదిలావో, చంపేస్తాం!"

పెట్టాడు.

"—ఈ గొర్రెలకి చెయ్యి ఎత్తమంటే ఎత్తడమే వచ్చు. వాళ్ళ గురించి బెంగపెట్టుకోకు."

మెసేజ్ అయిపోయింది. ఒమురాలీ తాళం వెనక దాచుకున్నాడు. "అది... ఆ స్టీరియో చైనాది," అన్నాడు. "ఏదో ఒకటి వాగుతుంది."

"గొర్రెలమా?" అన్నాడు అందరికన్నా ముందు చెయ్యి ఎత్తినవాడు. తాలాయ్‌కి జరిగిన అన్యాయానికి కాదు, గొర్రె అన్న మాటకి వాడికి కోపం వచ్చింది. పోనీ, వచ్చింది కదా. జిపార్ అక్క ఆ నిమిషమే అధ్యక్షుణ్ణి దించాలా అని అడిగింది. అవే చేతులు. అంతే తేలిగ్గా లేచాయి. తాళాల గుత్తి అక్క చేతికి వచ్చింది. ఒమురాలీ నడిచాడు, జనం దారి ఇవ్వడం కోసం ఆగాల్సి వచ్చింది. అలా ఆగడం ఆయనకి అదే మొదటిసారి.

తాలాయ్ పరుపు వదిలేసి సీటు కిందకి వంగాడు. "హీటరు కాదు రా నాయనా! ఫ్యాక్టరీ వాడు సౌండు పెంచడానికి పెట్టిన డబ్బా ఇది. దీన్ని నిద్రలేపేది ఆ నీలం వైరు!"

"ఎక్కువ పెట్టాడన్నావు?" అంది అక్క.

"నేనన్నానా? ఎవరన్నారు?" అంటూనే నీలం వైరుని కొత్త స్టీరియో వెనక కలపాల్సిన చోట కలిపి టేపు చుట్టేశాడు.

ఎసెన్‌గుల్ పాక్కుంటూ బయటికొచ్చాడు. టోపీ నిండా బూజు. మొహం నిండా విజయం.

"చూశావా కెరిమ్? దొంగని కారులోంచే మాట్లాడించాను. కానీ ఆ గొంతు... ఎక్కడో విన్నట్టుంది."

"నీకు వచ్చిన మెసేజ్ రా అది! నీ ఫోన్ ఇంకా బ్లూటూత్‌లో కారుకే కలిసి ఉంది."

"అదీ నా లెక్కలో ఉంది," అన్నాడు తడుముకోకుండా. కడ్డీని గాల్లో తిప్పాడు. "ఇక మిగిలింది ఒక్క కేసే. మా ఇంటి మీద పడ్డ ఆ ముఠా—"

జేబులో ఫోన్ మళ్ళీ వణికింది, ఇంకో వాయిస్ మెసేజ్. అలవాటుగా నొక్కి చెవికి పెట్టుకున్నాడు. ఈసారి నీలం వైరు గట్టిగా బిగించి ఉంది. సౌండు చివరిదాకా ఉంది.

"ఏమయ్యా!" అంది బురుల్ వదిన పది స్పీకర్లలోంచి, గ్యారేజీల రేకులు అదిరేలా. "పక్కింటావిడ చూసిందట. నా అల్లిక సూది మేజోడులో దోపుకుని పోయింది నువ్వేనట కదా!"