కొండకు అనుమతి

ఇకమీదట ఏజెన్సీలో ఏ కొండా ప్రభుత్వానుమతి లేకుండా జారడానికి వీల్లేదని, రెండువేల మూడు వేసవిలో మంత్రిగారు అరకులోయ సభలో ప్రకటించారు. ముందు వరుసలో కూర్చున్న మగ్దలేనమ్మ మనసు కుదుటపడింది. టూరిజం గెస్ట్‌హౌస్ రోడ్డుకోసం నిలువునా కోసిన కొండ సరిగ్గా ఆమె ఇంటి నెత్తిమీద ఉంది మరి.

కొండవాలు భద్రతా నిబంధనల అమలు అసిస్టెంట్ ఇంజినీరు ధనరాజుగారికి అప్పగించారు. నిష్ఠాపరుడు. ఏటా మే నెలలో పాడేరు నుంచి జీపులో వచ్చి ప్రతి వాలునూ స్వయంగా చూసేవారు. వానల్లో దారిపొడవునా చరియలు విరిగిపడతాయి గనక రాలేకపోయేవారు. అందువల్ల తన సర్వీసులో ఒక్క వాలైనా జారగా చూసిన పాపాన పోలేదు. మగ్దలేనమ్మ ఇంటి నెత్తిమీది కోతను కూడా పరీక్షించి, సురక్షితమని సంతకం చేశారు.

ఆగస్టులో ఆ సురక్షితమైన కొండ దిగివచ్చి, ఆమె వంటిల్లు మింగి, నడింటి గోడకు చేరగిలపడింది.

ఊరి వాడుక ప్రకారం మర్నాడే ఇంటికొకరు చొప్పున గునపాలూ తట్టలూ పట్టుకొచ్చారు. మగ్దలేనమ్మ వసారాలో పొయ్యి పెట్టి అందరికీ రాగి అంబలి కాచింది. అయితే మట్టి కదిపితే జైలని పంచాయతీ గోడమీద రాసి ఉంది. చట్టమంటే ఆమెకు భక్తి. ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఫోన్ చేసింది.

"బాబూ, తమరు సూసిన కొండ నా వంటింట్లోకొచ్చీసింది. మట్టి తీసీమంటారా?"

"తొందరపడకమ్మా. అది ఎర్త్‌వర్క్. అనుమతి కావాలి."

"అయితే ఇయ్యండి బాబూ."

"చూడకుండా ఎలా ఇస్తాను? దారి తెరవనీ."

"దారికేటయ్యింది?"

"కొండ విరిగిపడిందమ్మా."

"మరి నాదీ అదే కద బాబూ."

"అది రోడ్లశాఖ కొండ. నీది ఇంకా తనిఖీ కాలేదు."

జనం అంబలి తాగి వెళ్లిపోయారు. దారి దసరాకి తెరిచారు గాని, తనిఖీ నెల మే. ఈలోగా మట్టి గట్టిపడి, దానిమీద పచ్చిక మొలిచింది.

"ఏటి పిన్నీ, కొండని ఇల్లరికం తెచ్చుకున్నావా?" అని పొరుగింటి సోంబరు ఎగతాళి చేశాడు.

"ఇంజినీరుబాబు వత్తారు, వంటిల్లు నాకొచ్చీద్ది," అంది మగ్దలేనమ్మ.

మే నెలలో ధనరాజుగారు వచ్చారు. పచ్చని వాలును కొలిచి ఆనందించారు.

"ఇంత చక్కని వాలు నేనెక్కడా చూడలేదు. కాని, దీన్ని తవ్వి లోపల ఇల్లు కట్టుకోమని నీకెవరు చెప్పారమ్మా?"

"నాను తవ్వడమేటి బాబూ? మా మామ ఇల్లు కట్టిననాడు కొండ అల్లక్కడుండీది."

"కొండ జారడం ఎవరైనా తనిఖీ చేశారా?"

"ఊరంతా సూసింది."

"ఊరికి ఆ అధికారం లేదమ్మా."

దయగల మనిషి గనక జరిమానా వేయలేదు. తవ్విన మేరకు పూడ్చి, కొండను యథాస్థితికి తెమ్మని మాత్రం ఉత్తర్వు ఇచ్చారు. ఖర్చంతా శాఖదే. సాయంత్రానికి మట్టి లారీ వచ్చి వీధి గుమ్మం ముందు ఆగింది. మగ్దలేనమ్మ గోడమీది ఏసుప్రభువు పటం తీసి చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

నిండు తట్టలతో గడప దాటి లోపలికి వెళ్లబోతున్న కూలీలను ధనరాజుగారు ఆపారు.

"చెప్పులు బయట విడవండయ్యా. ఆడమనిషి శుభ్రంగా అలుక్కున్న ఇల్లు."