టిక్కుటిక్కు పెట్టె ఇల్లెక్కడ?

ఒక పెద్ద అడవిలో చెట్ల కన్నా ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువైపోయాయి. పిచ్చుక గూడు కట్టుకుందామని కొమ్మ వెతుక్కుంటే, దానికి అప్పటికే 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని బోర్డు వేలాడుతుండేది.

ఆ అడవిలో పొలుసయ్య అనే అలుగు ఉండేవాడు. ఒళ్ళంతా గట్టి పొలుసులు, లోపలంతా మొహమాటం. కూతురు రేణుకి అణు ఇంజనీరింగ్ చదవాలని ఒకటే పట్టుదల.

"దీపాల కోసం రోజూ చెట్లు కొట్టేస్తున్నారు నాన్నా. రాయిలోంచి వెలుగు తీయడం నేర్చుకుంటే చెట్లు మిగులుతాయి కదా!" అనేది.

పొలుసయ్యకి ఉన్న ఆస్తి నాలుగు చెదల పుట్టలు. అలుగులకి అవే పొలం, అవే వంటిల్లు. నాలుగూ ఫీజుకి పోతే ఇంటిల్లిపాదీ పస్తే. అన్నీ పోసి చెత్త కాలేజీలో చేర్పిస్తే పస్తుతో పాటు పిల్ల బతుకూ పాడవుతుంది. సీటు తేల్చుకోవడానికి ఆ సాయంత్రం వరకే గడువు.

"ఇవాళ తనిఖీ కమిటీ వస్తోందట. కమిటీ వచ్చిన రోజు చూస్తేనే కాలేజీ అసలు సంగతి తెలుస్తుంది," అన్నాడు పొలుసయ్య.

ఇంత అమాయకుడు ఆ అడవిలో ఇంకొకడు లేడు.

ముందు మెరుపుగుట్ట కాలేజీకి వెళ్ళారు. గేటు దగ్గరే పీఆర్వో గోరింక పట్టేసుకుంది.

"రండి అంకుల్, రండి! పాప ర్యాంకెంత? వద్దొద్దు, చెప్పకండి, ఎంతైనా సీటుంది! బ్యాగు ఫ్రీ, బస్సు ఫ్రీ, గొడుగు ఫ్రీ!"

"చదువు ఎవరు చెప్తారమ్మా?"

"అయ్యో, మొదటి రోజే అంత లోతుకి వెళ్తే ఎలా అంకుల్? ల్యాబు చూడండి!"

ల్యాబులో నెమలి ప్రొఫెసర్ పింఛం పూర్తిగా విప్పి నిలబడ్డాడు. బల్ల మీద మూల సొట్టపడిన ఆకుపచ్చ పెట్టె, పక్కనే నల్లరాయి. పెట్టె టిక్కుటిక్కుమని మోగిపోతోంది.

"ముట్టుకుంటే ప్రమాదం తెచ్చే కిరణాలు రాయిలో ఉంటే పెట్టె ఇలా అరుస్తుంది," అన్నాడు నెమలి. అంతకు మించి ఒక్క ముక్క అడిగినా పింఛం ఆడించేవాడు.

తనిఖీకి వచ్చిన ఎలుగుబంటి ఆనందంతో చప్పట్లు కొట్టి, "అద్భుతం! భోజనంలో తేనె ఉందా?" అని అడిగాడు.

"తేనెపట్టు పట్టుగానే ఉంది సార్," అన్నాడు చైర్మన్ కొంగ. తెల్లటి బట్టల్లో, ఒంటికాలి మీద, మహా వినయంగా ఉన్నాడు. వెనక్కి తిరిగి మాత్రం, "పెట్టె ఆపారో, జీతాలు ఆపేస్తా!" అని గుసగుసలాడాడు.

ఫీజు ఆరు పుట్టలట. తండ్రీకూతుళ్ళు దణ్ణం పెట్టి బయటపడ్డారు.

తర్వాత అదే కొంగ నడిపే మహా మెరుపుగుట్ట కాలేజీ. ఫీజు అయిదు పుట్టలు. అక్కడా నెమలి ప్రొఫెసరే ఉన్నాడు, కాకపోతే రొప్పుతున్నాడు, పింఛం సగమే ఉంది. అక్కడా సొట్టపెట్టే టిక్కుటిక్కుమంటోంది. అక్కడా ఎలుగుబంటి చప్పట్లే.

మూడోది పరమ మెరుపుగుట్ట. ఫీజు నాలుగు పుట్టలు. నెమలికి మూడే ఈకలు మిగిలాయి.

"ఈకలేమయ్యాయి సార్?" అంది రేణు.

"వెనక తలుపు ఇరుకమ్మా," అనేసి నాలుక కరుచుకున్నాడు నెమలి.

పొలుసయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా తల్లీ! మూడింట్లోనూ అదే సారు, అదే పెట్టె. అంటే చదువు ఒకటే! చవగ్గా ఉన్నది తీసుకుందాం," అని నాలుగు పుట్టలూ రాసివ్వడానికి కలం తీశాడు.

"ఒక్క నిమిషం ఆగు నాన్నా!"

పెరటివైపు ఒక గాడిద వీపు మీదికి పెట్టెని ఎక్కిస్తున్నారు. రేణు పరుగెత్తింది.

"మామా, ఈ పెట్టెకి సొంతిల్లు ఎక్కడ?"

గాడిద కళ్ళు చెమర్చాయి. "పొద్దుట్నుంచి నన్ను మామా అని పిలిచింది నువ్వేనమ్మా. ఇది చిత్తడివాడ సర్కారు కాలేజీది. పైనుంచి కాగితం తెచ్చి అరువు పట్టుకొచ్చారు. ఇక ఆ నెమలంటావా, పెళ్ళిళ్ళలో నాట్యం చేస్తాడు."

పొలుసయ్య కలం జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ బురదలో పడుతూ లేస్తూ చిత్తడివాడ చేరారు.

గోడలకి సున్నం లేదు, గేటుకి గోరింక లేదు. తనిఖీ కమిటీ కూడా ఎన్నడూ రాలేదు, అక్కడ భోజనం పెట్టరు కనక. లోపల తాబేలు మాస్టారు బోర్డంతా లెక్కలు నింపేసి సుద్దపొడిలో తెల్లగా ఉన్నాడు. చదువు మొత్తానికి ఫీజు ఒక్క పుట్ట. మిగిలింది ఒక్క సీటు.

దాని కోసం అప్పటికే ఒకడు నిలబడి ఉన్నాడు. చైర్మన్ కొంగ కొడుకు. పక్కన ఒంటికాలి మీద చైర్మనుగారే!

"తమకి మూడు కాలేజీలున్నాయి కదండీ?" అని నోరెళ్ళబెట్టాడు పొలుసయ్య.

"అవి జనం పిల్లలకండీ," అన్నాడు కొంగ. "వీడు నా కొడుకు!"

గాడిద వీపు మీంచి పెట్టె దింపాక గానీ సీటు ఎవరిదో తేల్చే పరీక్ష మొదలవలేదు. మాస్టారు మూడు నల్లరాళ్ళు వరసగా పెట్టి, "ముట్టుకోకూడని రాయి ఏదో చెప్పండి," అన్నాడు.

కొంగ కొడుకు మూడు రాళ్ళ మీదా పెట్టె తిప్పాడు. చప్పుడు లేదు.

"మూడూ మంచివే సార్!" అంటూ మధ్య రాయిని ముక్కుతో ఎత్తబోయాడు.

"శభాష్ నాన్నా!" అన్నాడు కొంగ.

మాస్టారు బెత్తం అడ్డం పెట్టి ఆపాడు. "నువ్వేమంటావమ్మా?"

రేణు భయంతో సగం ఉండ చుట్టుకుంది. అలాగే మాట్లాడింది. "పెట్టె అరవలేదంటే రాయి మంచిదని కాదు సార్. ముందు పెట్టెలో ప్రాణముందో లేదో చూడాలి. ఇవాళ మూడు కాలేజీల్లో ఒక్క క్షణం ఆపకుండా మోగించారు. బ్యాటరీ అయిపోయి ఉంటుంది."

మాస్టారు కొత్త బ్యాటరీ వేశాడు. మధ్య రాయి దగ్గర పెట్టె గగ్గోలు పెట్టింది. కొంగ కొడుకు ఎగిరి తండ్రి మెడకి చుట్టుకున్నాడు.

"ఈ ఒక్క మాట చెప్పే పిల్ల కోసం పదేళ్ళుగా కూర్చున్నానమ్మా!" అని తాబేలు మాస్టారు పకపకా నవ్వుతూ సీటు రేణుకి రాసేశాడు. పొలుసయ్య సంతోషం పట్టలేక బంతిలా చుట్టుకుని గాడిద కాళ్ళ మధ్య దొర్లాడు.

కొంగ మాత్రం మెడకి చుట్టుకున్న కొడుకుతో బయటికి నడిచాడు. తనే మోగించి అయిపోగొట్టిన బ్యాటరీ గురించి ఎవరితో చెప్పుకుంటాడు? చచ్చినట్టు కొడుకుని పరమ మెరుపుగుట్టలోనే చేర్పించాడు. మర్నాడు ఆ కాలేజీకి 'అత్యుత్తమం' అని ఎలుగుబంటి సర్టిఫికెట్ వచ్చింది. కొంగ దాన్ని చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నీతి: కాలేజీ మంచిదో కాదో చైర్మన్‌ని అడగక్కర్లేదు, ఆయన కొడుకు ఎక్కడ క్యూలో నిలబడ్డాడో చూసి వాడి వెనక నిలబడితే చాలు.