ఒంటరితన నివారణ ప్రత్యక్ష ప్రసారం

కువైట్‌లోని తెలుగువారిలో ఒంటరితనం ఈ రంజాన్ సెలవులతో దాదాపు అంతరించిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మంగఫ్ లేబర్ బిల్డింగుల్లో అక్కడక్కడా కాస్త మిగిలి ఉన్నా, బక్రీదు సెలవుల్లోగా దాన్నీ నిర్మూలిస్తామని 'తెలుగు ఒంటరితన నివారణ సేవాసమితి' అధ్యక్షులు సూర్యకిరణ్ గారు సభాముఖంగా హామీ ఇచ్చారు. ఒంటరితనాన్ని ఎలా నివారించాలన్న విషయంలో అభిప్రాయభేదాలొచ్చి సమితి ఇప్పటికే రెండు ముక్కలయింది. ఇద్దరు అధ్యక్షులూ లిఫ్టులో ఎదురుపడినా పలకరించుకోరు. సేవలో ఆ మాత్రం పోటీ ఉండాలి మరి.

ఈ మహత్కార్యంలో మన రామాంజులు పాత్ర తక్కువదేమీ కాదు. ఊరు రాయచోటి. ఉద్యోగం అమ్ఘరాలో, పాత ఇనుము కొట్టులో కాటా దగ్గర. అక్కడ ఆయనకు పేరు లేదు. "ఏయ్ రఫీక్" అని ఎవరు అరిచినా పలకాలి, పలుకుతాడు; అక్కడ పనివాళ్ళందరికీ అదే పిలుపు. సమితిలో అలా కాదు. నారింజరంగు టీషర్టు, మెడలో ట్యాగు, వీపు మీద అరచేతులంత అక్షరాలతో 'వాలంటీర్' అని ఉంటుంది. "రామాంజులు గారూ, ఈ కుర్చీలు అటు వేయండి" అంటారు. ఆ 'గారు' చెవిన పడితే చాలు, హాలు మొత్తం కుర్చీలు మోసినా రామాంజులుకు బరువు తెలియదు. ఆ ముక్క కోసం మనిషి ఇంత దూరం వెళ్తాడా అని మీరు నవ్వుకోవచ్చు. మీకూ ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ పదవి ఉండే ఉంటుంది, కాస్త ఆగి నవ్వండి.

ఈసారి రంజాన్‌కు కొట్టు మూసేస్తూ, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఎందుకో ఉదారంగా ఉన్నాడు. "టికెట్ ఇస్తా. యల్లా, ఇంటికి పోయి పిల్లను చూసి రా" అన్నాడు. మూడేళ్ళుగా రాని అవకాశం అది. రామాంజులు విమానం ఎక్కేనాటికి మాటలు సరిగా రాని పాప ఇప్పుడు బడికి పోతోంది. రామాంజులు ఎగిరి గంతేశాడు. సాయంత్రం సూర్యకిరణ్ గారి ఫోను వచ్చేదాకా ఆ గంతులోనే ఉన్నాడు.

"రామాంజులు గారూ, మీరు లేకపోతే ఈ కార్యక్రమమే లేదు. సొంత కుటుంబం కోసం అందరూ బతుకుతారండీ. కుటుంబానికి దూరమైనవాళ్ళకు కుటుంబమయ్యేవాళ్ళు ఎంతమంది? ఈ ఏడాది 'ఉత్తమ నిస్వార్థ సేవకుడు' బిరుదు మీకే ఇవ్వాలని అనుకున్నాం. మీరు స్వార్థం చూసుకుని ఊరెళ్తానంటే… సరే, మీ ఇష్టం."

స్వార్థం అనే మాట రామాంజులును లోపలెక్కడో పొడిచింది. కన్నబిడ్డను చూడాలనుకోవడం ఎంత స్వార్థమో అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. మరుసటి రోజు కఫీల్‌కు టికెట్టు వద్దన్నాడు. కఫీల్ ఆయన్ను ఎగాదిగా చూసి, ఖలాస్ అని చెయ్యి ఊపాడు.

"రాలేవా?" అంది భార్య వెంకటేశ్వరి ఫోన్లో. "పాపకు నేనేం చెప్పాల?"

"లైవ్‌లో కనపడతానని చెప్పు. స్టేజీ మింద నాకు శాలువా కప్పుతారు. వీధిలో అందర్నీ పిలిచి చూపీ."

"నిలువునా కనపడతావా? ఫోన్లో ఎప్పుడు చూసినా మొగమే కదా కనపడేది. నాన్న తలుపంత పొడుగుంటాడా, బీరువా అంత ఉంటాడా అని పొద్దస్తమానం అడగతాంది. నాకా, మర్చిపోయినట్టుండాది."

"కాళ్ళ కాడ్నుంచి తల దాకా కనపడతా. పాపను ముందర కూచోబెట్టు" అన్నాడు రామాంజులు. ఒట్టు కూడా పెట్టాడు.

పండగ రోజు ఆయన బస్సు తీసుకుని మంగఫ్ వెళ్ళాడు. ఒంటరితనంతో బాధపడుతున్న కార్మికులను సేకరించి అబూ హలీఫాలోని హాలుకు తేవడం సేవలో మొదటి ఘట్టం. రాయచోటివాడే, మాబు అనే తాపీమేస్త్రీ, కొత్త చొక్కా వేసుకుని గోడకానుకుని వీడియో కాల్‌లో ఉన్నాడు. తెరమీద వాళ్ళమ్మ సేమ్యా పాయసం గిన్నె వంచి చూపిస్తోంది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

"మాబూ, ఫోన్ పెట్టేసి బస్సెక్కు, యల్లా."

"అన్నా, ఇప్పుడే కలిసిందన్నా. పండగపూట అమ్మతో రెండు మాటలు మాట్లాడుకోనీ."

"నీ ఒంటరితనం పోగొట్టేదానికి మేము ఇంత దూరం వచ్చింటే నువ్వు ఫోన్లో కూచుంటే ఎట్లప్పా?"

"నేనేం ఒంటరిగా లేనన్నా, అమ్మతో ఉండా."

"అది నీకు తెలీదులే, ఎక్కు" అన్నాడు రామాంజులు, తనకు బాగా తెలుసు కనుక.

హాల్లో ఫోన్లు మోగరాదని నిబంధన. వేదిక మీద ఫ్లెక్సీ: 'బాధపడకండి, మీ కుటుంబం మేమే'. అందులో మూడు వంతులు సూర్యకిరణ్ గారి చిరునవ్వు. ముందు వరసలో ఆయన శ్రీమతి, పిల్లలు, అత్తమామలు. "ఒంటరితనం కేవలం ఒక భావన! ఆ భావనను మనం ముక్తకంఠంతో ఖండించాలి!" అన్నారాయన. ముక్తకంఠంతో ఖండించారు. తర్వాత బిర్యానీ దాతకు, దాత బావమరిదికి, హాలు ఓనరుకు, రెండో ముక్కలోంచి ఇటు దూకిన ప్రముఖుడికి సన్మానాలు జరిగాయి.

ఇదంతా లోకానికి చూపించే బాధ్యత రామాంజులుది. ఆయన ఫోను కెమెరా మంచిది. పాపను స్పష్టంగా చూడాలని కొన్నది. లైవ్ ఆగరాదు, ఫ్రేము తన మీద నుంచి కదలరాదు, ఇవి రెండే అధ్యక్షుల వారి షరతులు. మధ్యలో ఇంటి నుంచి కాల్ వచ్చి తెరమీద పాప ఫొటో వెలిగింది. నాన్న ఇంకా కనపడలేదని అడగడానికి చేస్తోందని రామాంజులుకు తెలుసు. కాల్ కట్ చేశాడు. మళ్ళీ వెలిగింది. సూర్యకిరణ్ గారు ప్రసంగం ఆపకుండానే కళ్ళెర్రజేశారు. మళ్ళీ కట్ చేసి, ఫోను వెనక నుంచి ఒకసారి దగ్గాడు.

ఎట్టకేలకు రామాంజులు పేరు పిలిచారు. ఫోను ఎవరి చేతికైనా ఇద్దామని వెనక్కి చూస్తే హాల్లో నరమానవుడు లేడు. ముందు వరస కుటుంబం భోజనాలకు లేచింది. కార్మికులు పొట్లాలు అందగానే ఆవరణలోకి జారుకుని, గోడవారగా కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటున్నారు. తక్కిన వాలంటీర్లు గ్రూపు ఫొటో కోసం ముందే వేదికెక్కి బిగదీసుకుని నిలబడ్డారు. చేసేది లేక రామాంజులు ఫోను పట్టుకునే మెట్లెక్కాడు. కుడిచెయ్యి చాచి ఫ్రేమును అధ్యక్షుల వారి ముఖానికి పట్టి, ఎడమ భుజం సన్మానానికి అప్పగించాడు.

తెర మీద బొటనవేలితో ఒక్కసారి తాకితే చాలు, కెమెరా తనవైపు తిరుగుతుంది. రాయచోటిలో పాప ముందర నాన్న నిలబడతాడు. వేలు లేచింది. సూర్యకిరణ్ గారు సన్నగా గొంతు సవరించుకున్నారు. వేలు దిగింది.

సభానంతరం శాలువాలన్నీ వెనక్కి తీసుకుని మడతపెట్టడం వాలంటీర్ల విధి. వచ్చే సన్మానాలకు కావాలి కదా. ఆ విధి రామాంజులుదే. తన భుజం మీద శాలువాను తానే తీసుకుని, మడిచి, సంచిలో వేసి, తనకు తానే ధన్యవాదాలు చెప్పుకున్నాడు. ఫోను బ్యాటరీ అయిపోయింది. ఆవరణలో మాబు దగ్గర ఫోను అడిగి ఇంటికి చేశాడు. మాబు మారుమాట లేకుండా ఇచ్చాడు.

"కనపడినానా?" అన్నాడు.

"ఆయప్ప శానా బాగా కనపడినాడు" అంది వెంకటేశ్వరి. "వీధంతా వచ్చిండ్రి. నీది మోచెయ్యో ఏమో ఒకపారి వచ్చిపాయ."

పాప ఫోను లాక్కుంది. "నాన్నా, నువ్వు దగ్గినావు కదా? నేనే కనుక్కున్నా!"

రామాంజులుకు ఏడుపొచ్చింది. మాబు అటు తిరిగి కూర్చున్నాడు. వెంకటేశ్వరి మళ్ళీ అందుకుంది: "ఏమయ్యా, ఒంటరిగా ఉండేవాళ్ళ దగ్గరికి మీ సంఘమోళ్ళు పోతారంట కదా. ఈడ కూడా ఒగ ఇల్లుండాది, మొగమనిషి లేడు. ఒగ వాలంటీరును పంపీమని చెప్పు. ఫోన్ పట్టుకునేదానికి కాదు, పాపను బడి కాడ దించేదానికి."

ఆ మాట రామాంజులును నిలవనియ్యలేదు. తర్వాతి సమావేశంలో ధైర్యం చేసి లేచి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సూర్యకిరణ్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. సమితి అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించింది: బక్రీదు సెలవుల్లో అధ్యక్షులు, కార్యవర్గం స్వయంగా రాయచోటి వెళ్ళి ఒంటరి కుటుంబాలను ఓదార్చాలి. మొదటి ఓదార్పు రామాంజులు ఇంట్లోనే. తానూ వస్తానని రామాంజులు నోరు తెరిచేలోగా అధ్యక్షుల వారు భుజం తట్టారు. "అందరం వెళ్ళిపోతే ఇక్కడి సేవ ఏం కావాలి? ఆ నాలుగు రోజులు ఇన్‌చార్జి అధ్యక్షులు మీరే, అధ్యక్షులు గారూ!"

అధ్యక్షులు గారు! టీషర్టు రంగు కూడా మారుతుంది. రామాంజులు ఉండిపోయాడు.

బక్రీదు రోజు ఆయన సమితి గదిలో శాలువాల సంచి పక్కన కూర్చుని లైవ్ పెట్టుకున్నాడు. తన ఇంటి వరండా, తన కుర్చీ, అందులో సూర్యకిరణ్ గారు. కార్యవర్గమంతా ఫ్రేములో ఉండాలి కనుక ఫోను వెంకటేశ్వరి చేతికిచ్చారు. "మీ ఆయన లేని లోటు మేం తీరుస్తాం" అని అధ్యక్షుల వారు అందుకుంటుండగా, ఫ్రేము మెల్లగా కిందికి వంగింది. వెంకటేశ్వరి కావాలనే వంచింది. అధ్యక్షుల వారి తల తెగిపోయి, పక్కన పాప నిలువునా కనిపించింది. వాకిలి తలుపుకు ఆనుకుని నిలబడి, తల మీద అరచెయ్యి పెట్టి చూపించింది.

"నాన్నా, నేను గడియ కాడికి వచ్చినా చూడు!"

రామాంజులు తెరను రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. తలుపు గడియ ఎంత ఎత్తుంటుందో ఆయనకు తెలుసు, బిగించింది ఆయనే.

ఈలోగా కింద కామెంట్లు మొదలయ్యాయి: 'సార్ తల ఏదీ?', 'ఫ్రేము చూసుకోండి', 'ఇన్‌చార్జి ఎవరండీ?'. ఇన్‌చార్జి తానే. రామాంజులు కళ్ళు తుడుచుకుని టైపు చేశాడు: 'ఫ్రేము అధ్యక్షుల వారి మీద ఉంచవలసిందిగా మనవి. ఇట్లు, ఇన్‌చార్జి అధ్యక్షుడు, రామాంజులు.'

ఆ మనవి వెంకటేశ్వరి చేతిలోని ఫోనులో తేలింది. తర్వాత ఫ్రేము పైకి లేచింది. అడుగున పాప రిబ్బను కాసేపు కనిపించి, అదీ పోయింది. సూర్యకిరణ్ గారు సంపూర్ణంగా దర్శనమిచ్చారు. వెంటనే లైకులు కురిశాయి. మొదటిది రామాంజులుదే. ఆ లైకుల్లో మీ పేరు కూడా చూశాం, ధన్యవాదాలు.