భాను కొలతకి ఒక కర్ర

ఆ ఆదివారం పొద్దున్న ధనుంజయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాడేరు వెళ్లాలి, ఏడేళ్ల కూతురు భానుకి హాకీ కర్ర కొనాలి, పొద్దు వాలేలోపు జీలుగుపుట్టు తిరిగి రావాలి. అందులో జేసీబీ లేదు, ఆఫీసరు లేడు, శవం అసలే లేదు.

ఊరి కింద పారే గెడ్డకి అవతల భాను చదివే బళ్లో హాకీ కర్రలు లేకపోలేదు. ఇరవై ఉన్నాయి. పంపినవాళ్లు పిల్లల్ని చూసి పంపలేదు, కాగితం చూసి పంపారు. అవన్నీ మీసాలొచ్చిన వాళ్లకి సరిపోయేవి. భాను పట్టుకుంటే దాని కొస గడ్డం కింద పొడుచుకునేది. పోయిన వారం ముందు పన్ను ఒకటి ఊడింది. పాలపన్ను గనక సరిపోయింది. ఆటల మాస్టారు కామేష్ భయపడిపోయి, ఈ దూలాలతో పిల్లల్ని ఆడించనని, సోమవారం నుంచి ఈడుకు తగ్గ సొంత కర్ర ఉన్నవాళ్లే ఆటలోకి రావాలని తేల్చేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి భాను అన్నం సరిగ్గా తినడం లేదు. ధనుంజయ్ కూతురి నెత్తిమీద చెయ్యి వేసి, సోమవారం నీ చేతిలో నీ కర్ర ఉంటుందని ఒట్టు పెట్టాడు.

కొట్టువాడికి పిల్లనైనా చూపించాలి, కొలతైనా చూపించాలి, నిలువెత్తు ఒకటీ నడుం దాకా ఒకటీ అని మాస్టారు చెప్పాడు. పిల్లని తీసుకెళ్లడం కుదరదు. ఘాటీలో మొదటి మలుపుకి భానుకి వాంతి, రెండో మలుపుకి పక్కవాళ్లందరికీ వాంతి. కాబట్టి కొలతే దారి.

"తాడుతో కొలిసీయ్, సరిపోద్ది," అంది భార్య నిర్మల.

"తాడు సాగుద్ది. ఎదురు కర్ర సాగదు. ఎదురు అబద్దమాడదు," అన్నాడు ధనుంజయ్.

భానుని నిలబెడితే నిలబడే రకం కాదు. కొలత అంటే చక్కిలిగిలి అనుకుని గెంతుతుంది. అందుకని అది నిద్రలో ఉండగానే, పెరట్లోంచి పచ్చి వెదురు ఒకటి నరుక్కొచ్చి, చాప మీద పిల్ల పక్కన పడుకోబెట్టాడు. చలికి భాను కాళ్ల దగ్గర్నుంచి తల దాకా దుప్పటి కప్పుకుని కదలకుండా ఉంది. తల దగ్గర వెదురు తెగ్గొట్టాడు, నడుం దగ్గర కత్తితో గాటు పెట్టాడు. పొయ్యిలో తడి పుల్లలు పొగ చిమ్ముతుంటే నిర్మల పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి సోములమ్మ నిప్పు కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి, చూసి, నోరు మూసుకుని వెనక్కి వెళ్లిపోయింది.

జీలుగుపుట్టులో పడుకున్న మనిషిని పచ్చి వెదురుతో కొలిచేది ఒక్కందుకే. ఆ కొలతతో పాడె కడతారు. ఇంకో కట్టడి కూడా ఉంది. కొలత కర్ర పట్టుకుని వెళ్లేవాడిని ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే ఆ కర్ర ఇంకో కొలత అడుగుతుందని పెద్దల మాట. వేరే ఊళ్లో అయితే ఎవరో ఒకరు "ఏటయింది" అని అడిగేవారు, కథ అక్కడే అయిపోయేది. ఇది మర్యాద తెలిసిన ఊరు. ఒక్కడూ అడగలేదు. ధనుంజయ్ మాత్రం మరిచిపోకూడని ఆ ఒక్క సంగతీ మరిచిపోయాడు, ఎందుకంటే వాడి బుర్ర నిండా హాకీయే ఉంది.

వాడు వెదురు భుజాన వేసుకుని ఊరి మధ్యనుంచి నడుస్తుంటే ముసలివాళ్లు దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నారు. కుర్రాళ్లు తలకట్టు విప్పి చేత్తో పట్టుకున్నారు. నీళ్లకెళ్లే ఆడవాళ్లు బిందెలు దించి తల వంచుకున్నారు. పిల్ల ఇంకా కర్ర పట్టనే లేదు, అప్పుడే ఊరికి మా మీద ఇంత గౌరవం వచ్చిందేమిటని వాడి ఛాతీ రెండంగుళాలు పొంగింది. తండ్రుల బుర్రకి ఆ మాత్రం మత్తు చాలు.

నాలుగు కిలోమీటర్లు నడిచి గెడ్డ దాటితే జీపు దొరుకుతుంది. డ్రైవరు భీముడు అవతలి ఊరివాడు, చర్చికి వెళ్లేవాడు. పెద్దల కట్టడి తనకి పట్టదంటాడు గానీ, పచ్చి వెదురు చూసి వాడి మొహం కూడా పాలిపోయింది. పద్నాలుగుమందిని కుక్కే జీపులో ముందు సీటు మొత్తం ధనుంజయ్‌కి ఖాళీ చేయించాడు. మొదటి మలుపు దాకా ఓపిక పట్టి, మెల్లిగా అడిగాడు.

"ఎవురికి బావా?"

"మా గుంటకే. భానుకి."

"అయ్యో. ఏడేళ్లేటి దానికి. ఎప్పుడు మరి?"

"రేపేనంట. మాస్టారు సెప్పీసాడు."

జీపు మోతలో మాస్టారు భీముడికి పాస్టరుగా వినబడ్డాడు. "ఈయాలే కానిచ్చీకూడదేటి?"

"ఈయాల ఆదివారం గదా. ఆయన రాడు."

ఆ మాట నిజమే. ఆదివారం పాస్టరుకి ఎక్కడ తీరుతుంది. "మరి మనసు గట్టి సేసుకో బావా," అన్నాడు భీముడు.

"నానెప్పుడూ గట్టిగానే ఉన్నాను. నిర్మలే, ఇంత సిన్న వయసులో ఎందుకూ అని గొణుగుతాంది. రాత బాగుంటే పైకెల్లిపోద్ది, మనవెందుకు ఆపడం అన్నాను."

భీముడు స్టీరింగు వదిలేసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఘాటీ రోడ్డులో అది చిన్న సాహసం కాదు.

పాడేరులో ధనుంజయ్‌ని దింపి, భీముడు టీ కొట్టు దగ్గర మనసు బరువు దించుకున్నాడు. ఆ కొట్టులో రవిబాబు ఉన్నాడు. రవిబాబు విలేకరి. ఒక ఫోను, మెడలో వేలాడే ఒక ప్రెస్ కార్డు, ఊళ్లో జరగని దాన్ని కూడా కళ్లారా చూసినట్టు చెప్పగల నోరు అతని ఆస్తి. టీ చల్లారేలోపు వార్త పెట్టేశాడు: "రోడ్డు లేక ఆగిన చిన్నారి గుండె". కింద డోలీ ఫొటో. అది వేరే కొండ మీద వేరే ఏడాది తీసింది, డోలీలో ఉన్న మనిషి ఇప్పుడు మేకలు కాసుకుంటున్నాడు. అయినా డోలీ డోలీయే కదా.

తర్వాత వివరణ కోసం మండలాఫీసరు లక్ష్మీప్రసాద్‌కి ఫోను చేశాడు. లక్ష్మీప్రసాద్ మైదానం నుంచి వచ్చినవాడు. ఆదివారం చేపల పులుసు ముందు కూర్చుని ఉన్నాడు. జీలుగుపుట్టు అన్న మాట వినగానే, ఆ ఊరికి రోడ్డు లేకపోవడమేమిటి, రెండేళ్ల కిందటే పూర్తయిందని కోపంగా చెప్పాడు. అది అబద్ధం కాదు. కాగితం మీద పూర్తయింది, పూర్తయినట్టు సంతకం కూడా అతనిదే. అలా అయితే మంచిదే, ఆ రోడ్డు మీదే బండి వేసుకుని మూడింటికి వస్తాను, పెద్దాఫీసరు కూడా పరామర్శకి బయల్దేరారట, అన్నాడు రవిబాబు.

లక్ష్మీప్రసాద్ చేపల పులుసు వదిలేసి లేచాడు. రెండేళ్లుగా అర్జీలు పెట్టినా, ధర్నా చేసినా, పురిటి మనిషిని డోలీలో మోసుకొచ్చి ఆఫీసు మెట్ల మీద దించినా దొరకని జేసీబీ ముప్పావుగంటలో దొరికింది. గెడ్డలో తూములు పడ్డాయి, మట్టి పడింది. నాలుగు కిలోమీటర్ల కొండ దారిని ఆ బండి ఆకలిగొన్న ఎలుగులా గోక్కుంటూ పైకి వచ్చేసింది. మనిషి బతకడానికి రాని యంత్రం మనిషి చచ్చిందంటే ఎంత వేగంగా వస్తుందో ఊరంతా నిలబడి చూసింది.

ఊరివాళ్లు ధనుంజయ్ ఇంటికి తాళం చూశారు. పిల్లని పూడ్చడానికి కొండమీదికి తీసుకుపోయి ఉంటారు, కన్నతల్లి కడుపుకోత, వెంటపడకూడదని సోములమ్మ తీర్మానించింది. నిజానికి నిర్మల భానుని తీసుకుని కాఫీ పళ్లు కోయడానికి తోటకి వెళ్లింది. మధ్యాహ్నం ఆకలేసి ఇద్దరూ దిగొచ్చారు. భాను ముందు, బుట్టతో నిర్మల వెనక.

వాళ్లని చూసి ఒకామె కేక పెట్టింది. ఇద్దరు పరుగెత్తారు. సోములమ్మ మాత్రం దగ్గరికెళ్లి భాను బుగ్గ గిల్లి, వేడిగా ఉందని నిర్ధారించుకుని, ఏమైందో నిర్మల నోటివెంట విని, అటు తిరిగి జేసీబీ ఎంతవరకు వచ్చిందో చూసింది. ఊరు ఇంకా రెండొందల గజాలుంది.

"ఇంకో గంట కోసుకుని రాకపోయావేటే గుంటా," అంది. "రోడ్డు మా గుమ్మంలోకి వొచ్చీసును."

అప్పటికే జేసీబీ వెనకే కారులో వచ్చిన లక్ష్మీప్రసాద్ చెయ్యెత్తి అరుస్తున్నాడు. "ఆపు. పిల్ల బతికే ఉంది."

జేసీబీ ఆగిపోయింది. పిల్ల బతికి ఉంటే రోడ్డెందుకు.

అదే సమయానికి కొత్తగా గీరిన ఆ దారి మీద రవిబాబు బండి వెనకే భీముడి జీపు వచ్చింది. అందులోంచి ధనుంజయ్ పొడుగాటి పొట్లంతో దిగాడు. నడిచి రావలసిన చోటికి జీపులో వచ్చానన్న ఆశ్చర్యంలో ఉన్నవాడిని లక్ష్మీప్రసాద్ గుడ్లురిమి పట్టుకున్నాడు. నీ కూతురు చచ్చిందని ఎందుకు పుకారు పుట్టించావని అడిగాడు. ధనుంజయ్ కూతురి వైపు చూసి, ఆఫీసరు వైపు చూసి, "సావలేదు కదా బాబూ, అక్కడే ఉంది," అన్నాడు. పొట్లం విప్పి చూపించాడు. ఎర్ర పట్టీ చుట్టిన చిన్న హాకీ కర్ర, సరిగ్గా వెదురు మీద గాటంత. భాను నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

ఇంతలో పెద్దాఫీసరు ఫోను. పిల్ల బతికి ఉందని విని దారిలోనే వెనక్కి తిరిగానని చెప్పి, మరి ఆదివారం పూట జేసీబీతో సహా మీరంతా అక్కడేం చేస్తున్నారని అడిగాడు. లక్ష్మీప్రసాద్ కళ్లు ఎర్ర పట్టీ మీద పడ్డాయి.

"గిరిజన బాలలకు హాకీ కర్రల పంపిణీ సార్."

ఎంతమందికి?

"ముప్పైమందికి సార్."

అయితే ఫొటోలు పంపమన్నాడు ఆయన.

కర్ర ధనుంజయ్ చేతిలోంచి ఎలా పోయిందో వాడికే తెలియలేదు. లక్ష్మీప్రసాద్ దాన్ని నవ్వుతూ భానుకి అందించాడు, రవిబాబు ఫొటో తీశాడు, వెంటనే ఆఫీసరు కర్ర వెనక్కి లాక్కున్నాడు. తర్వాతి పిల్లకి అందించాడు, ఫొటో, వెనక్కి. ఊళ్లో పిల్లలు పంతొమ్మిది మందే. ఇరవయ్యో వాడి దగ్గర్నుంచి పెళ్లయినవాళ్లని నిలబెట్టారు. జేసీబీ డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని గిరిజన బాలుడయ్యాడు. ముప్పయ్యో బాలిక సోములమ్మ. ఆమె కర్ర పట్టుకుని, పొయ్యిలో బొగ్గులు ఎగదోయడానికి బాగుంటుందని చెప్పి ఒక పట్టాన వదల్లేదు.

ఫొటోలయ్యాక లక్ష్మీప్రసాద్ కర్రని తన కారు దగ్గరికి పట్టుకుపోయాడు. ధనుంజయ్ అడ్డం నిలబడ్డాడు.

"అది మా గుంటది బాబూ. రేపు ఆటకి కావాల."

"నీదెలా అవుతుందయ్యా? ఇప్పుడే ముప్పై ఫొటోల్లో నా చేత్తో ఇచ్చాను. ఇది ప్రభుత్వ ఆస్తి. స్టాకు రిజిస్టరుకి ఎక్కాలి. అర్జీ పెట్టుకో, చూద్దాం."

ధనుంజయ్ కొట్టులో రాసిన చీటీ చూపించాడు. ఆఫీసరు దాన్ని చదివి మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు. ధనుంజయ్ మొహం నల్లబడింది. ఒట్టు పెట్టి కూతురి నెత్తిమీద వేసిన చెయ్యి ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో ఉంది.

కారు తలుపు తీయడానికి లక్ష్మీప్రసాద్ కర్రని చక్రానికి ఆనించాడు. భాను ఏడవలేదు, అడగలేదు. వెళ్లి కర్ర తీసుకుంది. మాస్టారు నేర్పినట్టు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి, మోకాళ్లు వంచి, జేసీబీ పెళ్లగించిన గుండ్రటి రాయి ఒకదాన్ని చూసుకుని కొట్టింది. కొలత సరిగ్గా కుదిరిన కర్ర గనక దెబ్బ కూడా సరిగ్గా కుదిరింది. సర్కారు కారు ముందు దీపం పగిలి నేల రాలింది.

రవిబాబు ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

"సార్, చిన్న వివరణ," అన్నాడు అతను. "ప్రభుత్వం ఇచ్చిన కర్రతో ప్రభుత్వ వాహనం పగిలితే, పూచీ కర్ర ఇచ్చిన వాళ్లదేనా?"

లక్ష్మీప్రసాద్‌కి చలికాలంలో చెమట పట్టింది. "ఎవరిచ్చారయ్యా? ఆ కర్రకీ నాకూ సంబంధం లేదు. అది వాళ్లది. ఆ పిల్లది. పాడేరులో వాళ్ల నాన్న కొన్నాడు, చీటీ కూడా నా దగ్గరే ఉంది," అని జేబులోంచి తీసి అందరికీ చూపించాడు.

ధనుంజయ్ కారు ముందు కదలకుండా నిలబడ్డాడు. వాడి వెనక నిర్మల, నిర్మల వెనక సోములమ్మ, ఆమె వెనక మిగిలిన గిరిజన బాలలు.

"ఆ మాటే కాయితం మీద రాసిచ్చీండి బాబూ," అన్నాడు ధనుంజయ్. "రాసి, సంతకం ఎట్టి, ముద్దరేసి, బేగి ఎల్లిపోండి."

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. జేసీబీ డ్రైవరు తల తువ్వాలు ఇంకా విప్పకుండా ఊరివాళ్ల పక్కనే నిలబడి ఉన్నాడు. కారు బానెట్టు మీద కాగితం పెట్టి లక్ష్మీప్రసాద్ రాశాడు: ఈ హాకీ కర్ర జీలుగుపుట్టు గ్రామ నివాసి భాను సొంత ఆస్తి అనియు, దీనిపై ప్రభుత్వమునకు ఎట్టి హక్కూ లేదనియు. సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు, ఒంటి దీపం కారులో వెళ్లిపోయాడు.

సోమవారం భాను తన కర్రతో ఆటకి వెళ్లింది. ఆ కాగితాన్ని మాత్రం సోములమ్మ ఇంటింటికీ తిప్పి చూపించింది. పోడు భూముల పట్టాల కోసం ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న ఆ ఊళ్లో, ఒక వస్తువు మీదేనని సర్కారు ముద్ర వేసి ఇచ్చిన మొదటి కాగితం అదే.